పక్క స్థలంలో ఐదంతస్తులు లేస్తున్నప్పుడు: పాత ఇళ్లవారికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాదులో పద్మారావు నగర్, వెస్ట్ మారేడుపల్లి, విద్యానగర్, సంజీవరెడ్డి నగర్ వంటి పాత కాలనీల్లో ఒకప్పుడు ఒక్కో స్థలంలో ఒక్కో ఇల్లు, దాని చుట్టూ నాలుగు చెట్లు ఉండేవి. ఇప్పుడు ఆ స్థలాలు ఒకదాని తర్వాత ఒకటి డెవలప్‌మెంట్‌కు వెళ్తున్నాయి. స్టిల్ట్ (పార్కింగ్ కోసం స్తంభాల మీద ఖాళీగా వదిలే కింది అంతస్తు) మీద నాలుగైదు అంతస్తులు లేస్తున్నాయి, ఒక కుటుంబం ఉన్నచోటికి ఎనిమిదో పదో కుటుంబాలు వస్తున్నాయి. విజయవాడ లబ్బీపేటలోనూ, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోనూ ఇదే జరుగుతోంది. పక్కనే ఒకటి రెండంతస్తుల పాత ఇంట్లో ఉంటున్నవారికి గోడలు బీటలు వారతాయేమో, వెలుతురు పోతుందేమో, బోరు ఎండిపోతుందేమో, డ్రైనేజీ పొంగుతుందేమో అన్న భయాలు కలుగుతాయి. ఈ భయాల్లో చాలావరకు సహేతుకమైనవే. వాటిని ఎవరి ముందు, ఎప్పుడు, ఏ రూపంలో పెట్టాలో తెలియకపోవడం వల్లనే అవి గొడవలుగా మిగిలిపోతున్నాయి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. హైదరాబాదులో 2006 నాటి భవన నిబంధనలతో ఎఫ్‌ఎస్‌ఐ (స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న నిష్పత్తి) పరిమితి తొలగిపోయింది. అప్పటి నుంచి భవనం ఎంత ఎత్తు లేవవచ్చో స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, వదలవలసిన సెట్‌బ్యాక్‌లు (సరిహద్దుకూ భవనానికీ మధ్య ఖాళీలు) కలిసి నిర్ణయిస్తున్నాయి. తెలంగాణలో నేటికీ ఆధారం 2012 ఏప్రిల్ 7 నాటి జీవో ఎంఎస్ నం. 168, దానికి తర్వాత వచ్చిన సవరణలు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో ఎంఎస్ నం. 119, దాని సవరణలు. అందువల్ల "మా కాలనీలో అపార్ట్‌మెంట్లు వద్దు" అన్న వినతికి పురపాలక కార్యాలయంలో బలం ఉండదు. "ఈ ప్రహరీ నుంచి 2 మీటర్లు వదలవలసి ఉండగా 1.2 మీటర్లే వదిలారు" అన్న వినతికి బలం ఉంటుంది. చండీగఢ్ తొలి దశ సెక్టార్లలో ఒంటరి ఇళ్లను అంతస్తులవారీ అపార్ట్‌మెంట్లుగా విడదీయడాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరి 10న ఆపింది కానీ, అక్కడ నగర రూపకల్పనకే ప్రత్యేకమైన వారసత్వ రక్షణ ఉంది. మన కాలనీలకు అటువంటి రక్షణ సాధారణంగా లేదు. కొత్తగా వచ్చే కుటుంబాలకూ ఇల్లు కావాలి. ఉద్యోగాలున్నచోటికి, బడులున్నచోటికి దగ్గరగా ఉండాలని వారు కోరుకోవడం న్యాయమే. కనుక ఈ మార్గదర్శి నిర్మాణాన్ని ఎలా ఆపాలో చెప్పదు. అది చట్టప్రకారం, పక్కింటికి హాని కలగకుండా జరిగేలా ఎలా చూసుకోవాలో చెబుతుంది.

మొదటి మెట్టు: ప్రతి ఆందోళననూ కొలతగా మార్చండి

పక్క స్థలంలో పాత ఇల్లు కూల్చడం మొదలైన రోజునే ఒక కాగితం మీద మీ ఆందోళనలను రాసి, ప్రతిదాని ఎదుటా దానిని దేనితో కొలవవచ్చో రాయండి. వెలుతురు, గాలి అనేవి సెట్‌బ్యాక్ మీటర్లుగా, భవనం ఎత్తుగా మారతాయి. గోడ భద్రత అనేది సెల్లార్ లోతుగా, తవ్వకం అంచు మీ ప్రహరీకి ఎంత దూరంలో ఉందన్న లెక్కగా మారుతుంది. రోడ్డు ఇరుకు అన్నది ఫ్లాట్ల సంఖ్యకు తగిన పార్కింగ్ ప్లాన్‌లో ఉందా అన్న ప్రశ్నగా మారుతుంది. ఈ విధంగా కొలతగా మారని ఆందోళనలు కొన్ని మిగులుతాయి. కాలనీ రూపు మారిపోవడం, తెలిసిన ముఖాలు తగ్గిపోవడం, అద్దెకు ఎవరు వస్తారో తెలియకపోవడం అటువంటివి. ఆ బాధ నిజమైనదే అయినా ఫిర్యాదు పత్రంలో దానికి చోటు లేదు. ముఖ్యంగా రాబోయేవారి కులం, మతం, ఆహారపు అలవాట్లు, పెళ్లికాని అద్దెదారులు వంటి ప్రస్తావనలు సంఘం సమావేశంలో కూడా రానివ్వకండి. అవి అన్యాయం, పైగా న్యాయమైన మీ మిగిలిన వాదననూ అవి దెబ్బతీస్తాయి.

రెండో మెట్టు: మంజూరైన ప్లాన్ సంపాదించండి

ప్లాన్ చేతిలో లేకుండా చేసే వాదన ఊహాగానంగానే ఉంటుంది. మొదట నిర్మాణ స్థలం దగ్గర బోర్డు ఉందేమో చూడండి. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం నిర్మాణం సాగినంత కాలం మంజూరైన ప్లాన్ ప్రతిని స్థలం వద్ద ప్రదర్శించాలి. బోర్డు లేకపోతే బిల్డరును మర్యాదగా అడగండి. స్థలం 500 చదరపు మీటర్లకు మించినా, ఎనిమిదికి మించి ఫ్లాట్లు వస్తున్నా ఆ ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ)లో నమోదు కావాలి. అలాంటప్పుడు రెరా వెబ్‌సైటులో వివరాలు దొరుకుతాయి.

ఇవేవీ ఫలించకపోతే సమాచార హక్కు చట్టం కింద పురపాలక కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయండి. మంజూరు పత్రం, ప్లాన్, సెట్‌బ్యాక్ పట్టిక, సెల్లార్ ఉంటే దాని నిర్మాణ డ్రాయింగులు, లైసెన్సు ఉన్న ఇంజినీరు వివరాలు విడివిడిగా అడగండి. ప్రతులతోపాటు ఫైలును స్వయంగా పరిశీలించే అవకాశం కూడా కోరండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, మూడో వ్యక్తి సమాచారమని తిరస్కరించినా, మరో 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేయండి. ఈ ప్రక్రియ సాగుతుండగా పక్కన స్లాబులు పడుతూనే ఉంటాయి కనుక, పాత ఇల్లు కూల్చుతున్నప్పుడే దరఖాస్తు పంపడం మంచిది.

తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు భవనానికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల్లో ఏకగవాక్ష అనుమతి ఇస్తారు. స్వీయ ధ్రువీకరణ అంటే యజమాని చెప్పిన కొలతలను ముందుగా ఎవరూ స్థలానికి వచ్చి కొలిచి ఉండకపోవచ్చు. అందువల్ల పక్కింటివారి కన్ను మునుపటికంటే ఇప్పుడు మరింత అవసరమని నా నమ్మకం.

ప్లాన్ వచ్చాక మూడు విషయాలు చూడండి: మీ వైపు వదలవలసిన దూరం, మంజూరైన అంతస్తులు, సెల్లార్ ఉందా లేదా. ఉదాహరణకు 2012 నిబంధనల ప్రకారం 300 నుంచి 400 చదరపు మీటర్ల స్థలంలో, అంటే దాదాపు 360 నుంచి 480 గజాల్లో, 7 మీటర్ల ఎత్తు వరకు అయితే పక్కలా వెనకా 1.5 మీటర్లు, 12 మీటర్ల వరకు అయితే 2 మీటర్లు వదలాలి. అయితే పట్టికను మాత్రమే చూసి నిర్ణయానికి రావద్దు. రోడ్డు విస్తరణకు స్థలం వదిలినవారికి సెట్‌బ్యాక్ సడలింపు దొరుకుతుంది. టీడీఆర్ (బదిలీ చేయదగిన నిర్మాణ హక్కు) కొన్నవారికి అదనపు అంతస్తు రావచ్చు. పట్టికకు విరుద్ధంగా కనిపించే అంతస్తు మంజూరు పత్రం ప్రకారం సక్రమమే కావచ్చు. ఈ తేడా తెలియక ఫిర్యాదు చేస్తే తర్వాత చేసే నిజమైన ఫిర్యాదునూ ఎవరూ పట్టించుకోరు.

మూడో మెట్టు: నీడ లెక్క వేసుకోండి

వెలుతురు గురించి చాలామంది అతిగా భయపడతారు, లేదా అసలు ఆలోచించరు. లెక్క సులభమే. హైదరాబాదు దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 15 మీటర్ల భవనం ఉత్తరానికి దాదాపు 13 మీటర్ల నీడ వేస్తుంది. జూన్ 21న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు కనుక అదే భవనం నీడ దక్షిణానికి ఒకటిన్నర మీటరుకు మించి పెద్దగా పడదు. కాబట్టి కొత్త భవనం మీకు దక్షిణాన వస్తే చలికాలమంతా మీ ఇల్లు నీడలో ఉంటుంది. ఉత్తరాన వస్తే ఎండకు దాదాపు నష్టమే లేదు. తూర్పు, పడమరలలో వస్తే ఒక పూట ఎండ పోతుంది. పడమటి వైపు వచ్చిన భవనం వేసవి సాయంత్రాల్లో మేలే చేస్తుంది.

దీన్నిబట్టి సెట్‌బ్యాక్‌లో అరమీటరు కోసం చేసే పోరాటం చలికాలపు ఎండను తిరిగి తేలేదని తెలుస్తుంది. ఆ అరమీటరు గాలి ఆడటానికి, అగ్నిప్రమాదంలో మనుషులు కదలడానికి, గోడ మరమ్మతుకు అవసరం. దాన్ని ఆ కారణాలతోనే అడగాలి. డాబా మీద సోలార్ పలకలు ఉన్నవారు లెక్కను డాబా ఎత్తు నుంచి వేయాలి. 3.5 మీటర్ల ఎత్తున్న డాబా మీద 15 మీటర్ల భవనపు నీడ డిసెంబరు మధ్యాహ్నం సుమారు 10 మీటర్ల దూరం వరకు వస్తుంది. పలకలను డాబా ఉత్తరపు అంచుకు జరపడం, మెట్ల గది, నీళ్ల ట్యాంకు మీకు దూరంగా ఉన్న వైపు కట్టమని బిల్డరును ముందే కోరడం ఆచరణసాధ్యమైన పరిష్కారాలు. ప్లాన్ మంజూరు కాకముందే అడిగితే ట్యాంకు స్థానం మార్చడానికి బిల్డరుకు పెద్దగా ఖర్చు కాదు.

నాలుగో మెట్టు: మీ ఇంటి స్థితిని నమోదు చేయండి

ఈ మెట్టు దాటేసినవారు తర్వాత ఏ వేదిక మీదా తమ నష్టాన్ని నిరూపించుకోలేరు. బిల్డరు చెప్పే మొదటి మాట "ఆ పగుళ్లు ముందునుంచీ ఉన్నవే" అన్నదే. తవ్వకం మొదలుకాక ముందు ఇంటి లోపలా బయటా ప్రతి గోడను, కిటికీ మూలలను, గచ్చును, పైకప్పును, ప్రహరీని, సంపును, బావి ఒరను తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీయండి. ఇప్పటికే ఉన్న పగుళ్ల పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, రెండు చివర్లను పెన్సిలుతో గుర్తించి తేదీ రాయండి. పెద్ద పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు వైపులా ప్లాస్టర్‌తో అతికించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. తలుపులు ఎక్కడ బిగుసుకుంటున్నాయో కూడా రాసుకోండి, ఎందుకంటే పునాది దిగినప్పుడు ముందుగా తెలిసేది తలుపు చట్రాల్లోనే. బోరు నీటిమట్టాన్ని, మోటారు ఎంతసేపటికి ట్యాంకు నింపుతుందో నమోదు చేయండి. వీలైతే లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు చేత సంతకంతో నివేదిక రాయించుకుని, దాని ప్రతిని స్థల యజమానికి, బిల్డరుకు అందినట్లు రసీదు వచ్చే విధంగా పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక స్పీడ్ పోస్టులోనే పంపి, చేరిన రుజువు భద్రపరచండి.

ఐదో మెట్టు: కూర్చుని మాట్లాడి, రాసుకోండి

స్థల యజమాని సాధారణంగా మీకు ఏళ్లుగా తెలిసినవారే అయి ఉంటారు. అందువల్ల మొదటి మాట బిల్డరుతో కాక వారితో మాట్లాడటం సముచితం. డెవలప్‌మెంట్ ఒప్పందంలో సగం ఫ్లాట్లు వారివే కావచ్చు, రేపు అదే భవనంలో వారూ ఉండవచ్చు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి కూర్చుని, కుదిరిన విషయాలను స్టాంపు కాగితం మీద రాసుకుని సంతకాలు చేయండి. అందులో ఉండవలసినవి: నాలుగో మెట్టులోని నివేదికను ఇరుపక్షాలూ అంగీకరించినట్లు వాక్యం, పని వేళలు, మీ వైపు వల, ఆకుపచ్చ గుడ్డ, ప్రహరీ కూలితే ఎన్ని రోజుల్లో ఏ రకంగా కట్టిస్తారన్న హామీ, పగుళ్లు వస్తే ఎవరి ఇంజినీరు అంచనాను ఆధారంగా తీసుకుంటారన్న నిర్ణయం, మరమ్మతుల కోసం విడిగా ఉంచే డిపాజిట్. బిల్డరు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ బీమా తీసుకుంటే అందులో ఇతరులకు కలిగే నష్టం, చుట్టుపక్కల ఆస్తులు కలిసేలా చూడమని అడగండి. మీ వైపు బాత్‌రూమ్ వెంటిలేటర్లకు మసక గాజు, ఏసీ యంత్రాలు మీ పడకగది కిటికీ ఎదుట పెట్టకపోవడం, వాననీటి గొట్టాలు మీ పెరట్లోకి దించకపోవడం వంటివి కూడా ఇక్కడే రాయించుకోవాలి. ఇవి చట్టం పట్టించుకోని, కానీ రోజూ బాధించే విషయాలు.

పని వేళల విషయంలో చట్టం కొంత తోడు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు.

ఆరో మెట్టు: తవ్వకాన్ని కళ్లారా చూడండి

మిగిలిన అన్ని మెట్లకంటే ఇదే ముఖ్యమైనది. ఎత్తు వల్ల కలిగే ఇబ్బందితో సర్దుకుని బతకవచ్చు. పునాది కదిలితే ఇంట్లో ఉండలేము. పాత ఇళ్లలో చాలావాటికి లోతు తక్కువ రాతి పునాదులే ఉన్నాయి, ప్రహరీలకు అదీ సరిగా ఉండదు. వాటి పక్కన నిటారుగా మూడు నాలుగు మీటర్లు తవ్వి, వానకు వదిలేస్తే మట్టి జారుతుంది, దానితో గోడ జారుతుంది. 2012 నిబంధనల ప్రకారం సెల్లార్‌కు 1000 చదరపు మీటర్ల వరకు ఉన్న స్థలాల్లో కనీసం 1.5 మీటర్లు, 2000 వరకు 2 మీటర్లు, అంతకు మించితే 3 మీటర్లు సరిహద్దు నుంచి వదలాలి. ఒకటికి మించి సెల్లార్లు ఉంటే ప్రతి అదనపు సెల్లార్‌కు మరో అరమీటరు. తవ్వకానికి ముందు ముగ్గు గీసిన రోజునే టేపుతో ఈ దూరాన్ని కొలిచి ఫొటో తీయండి. గుంత తవ్వాక వాదించడం కష్టం.

బిల్డరును అడగవలసినవి మూడు ఉన్నాయి. మీ గోడ వైపు మట్టిని ఒక్కసారిగా కాక బిట్లుబిట్లుగా తవ్వి, ఒక బిట్టులో రిటైనింగ్ గోడ లేచాకే పక్క బిట్టు తవ్వాలి. లోతు ఎక్కువైతే షోర్ పైలింగ్ వంటి ఆధారం ముందుగా ఉండాలి. వానాకాలంలో తవ్వకం పెట్టుకోకూడదు. హైదరాబాదులో పురపాలక అధికారులు వానాకాలం సెల్లార్ తవ్వకాలపై ఆంక్షలు విధిస్తుంటారు. హైదరాబాదు నేలలో చాలాచోట్ల గ్రానైట్ తగులుతుంది. అక్కడ పేలుళ్లకు బదులు రసాయనంతో చీల్చే పద్ధతో, చిన్న యంత్రాలతో కొట్టే పద్ధతో వాడమని పట్టుబట్టండి. విజయవాడ వంటి చోట సమస్య వేరు: గుంతలోకి ఊరే నీటిని మోటార్లతో రోజుల తరబడి తోడేస్తే చుట్టూ ఉన్న మట్టి ఎండి కుంగుతుంది. నల్లరేగడి నేలలో తేమ మారినప్పుడల్లా గోడలు చీలుతాయి.

ఈ దశలో ప్రతిరోజూ గాజు పట్టీలను, గుర్తించిన పగుళ్లను చూడండి. కొత్త పగులు కనిపిస్తే అదే రోజు వాట్సాప్‌లోనూ, మర్నాడు లిఖితపూర్వకంగానూ తెలియజేయండి. పగులు వేగంగా పెరుగుతుంటే, ప్రహరీ వాలుతుంటే ఇంజినీరును పిలిపించండి, ఆ వైపు గదుల్లో ఎవరూ పడుకోకండి, 100కు గానీ 112కు గానీ ఫోను చేసి తవ్వకం ఆపించండి. పక్క నేల నుంచి మీ నేలకు సహజంగా అందే ఊత చట్టం గుర్తించిన హక్కు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పొరుగు ఆస్తిపై ఉండే వాడుక హక్కుల) చట్టంలోని ఉదాహరణల్లోనే అది ఉంది.

ఏడో మెట్టు: భవనం లేస్తుండగా కొలవండి

పిల్లర్లు లేచినప్పుడు ఒకసారి, మొదటి స్లాబు పడినప్పుడు మరొకసారి మీ వైపు దూరాన్ని కొలవండి. మొదటి స్లాబు దగ్గర దిద్దడం సులభం, నాలుగో స్లాబు తర్వాత అధికారులూ వెనుకాడతారు. మంజూరైనవాటికి మించి పైన కనిపించే పెంట్‌హౌసు, స్టిల్ట్‌లో గోడలు కట్టి చేసే గదులు, సెట్‌బ్యాక్‌లోకి జరిపిన బాల్కనీలు సాధారణంగా జరిగే ఉల్లంఘనలు. "తర్వాత క్రమబద్ధీకరించుకుంటాం" అన్న మాటకు భయపడవద్దు. తెలంగాణలో 2015 నాటి భవనాల క్రమబద్ధీకరణ పథకం (బీఆర్‌ఎస్) హైకోర్టు స్టేతో ఆగింది.

ఎనిమిదో మెట్టు: నీరు, మురుగు, పార్కింగ్ విషయాల్లో కాలనీ అంతా కలిసి అడగండి

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు కనుక కాలనీ సంక్షేమ సంఘం పేరుతోనే సాగాలి. పాత కాలనీల మురుగు గొట్టాలు స్థలానికి ఒక కుటుంబం అన్న లెక్కతో వేసినవి. వాటిలో పది కుటుంబాల మురుగు కలిపితే పల్లంలో ఉన్న ఇంటి ముందు మ్యాన్‌హోల్ పొంగుతుంది. జలమండలికి ఇచ్చే వినతిలో వీధిలో ఇప్పటికే ఎన్ని అపార్ట్‌మెంట్లు వచ్చాయో, ఏ మ్యాన్‌హోల్ ఏ తేదీల్లో పొంగిందో రాయండి. గొట్టం పెంచమని అడగండి. నిజానికి ఇక్కడ తప్పు బిల్డరు ఒక్కడిది కాదు. ప్రతి అనుమతికీ అభివృద్ధి రుసుములు వసూలు చేసిన ప్రభుత్వానిదే ఆ బాధ్యత. కొత్త బోరు విషయంలో వాల్టా (నీరు, నేల, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి ఉందేమో, చెట్లు కొట్టేటప్పుడూ అదే చట్టం కింద అనుమతి తీసుకున్నారేమో అడగండి. ఇంకుడు గుంత కాగితం మీదనే కాక నేలమీదా ఉందేమో చూడండి. ట్రాన్స్‌ఫార్మరును రోడ్డు మీద కాక వారి స్థలంలోనే పెట్టమని విద్యుత్ సంస్థకు ముందుగానే రాయండి.

తొమ్మిదో మెట్టు: ఫిర్యాదు, ఆ పైన న్యాయస్థానం

ఫిర్యాదు ఒక పేజీకి మించకూడదు: అనుమతి నంబరు, మంజూరైన కొలత, నేలమీది కొలత, ఫొటో, కోరుతున్న చర్య. టౌన్ ప్లానింగ్ విభాగానికి ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం ప్రజావాణిలో మళ్లీ ఇవ్వండి. జీహెచ్‌ఎంసీ చట్టంలోని 452వ సెక్షన్ కింద నోటీసు, 636వ సెక్షన్ కింద తొలగింపు చర్య ఉంటాయి. కూల్చివేతలకు సంబంధించి 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల వల్ల నోటీసుకు 15 రోజుల గడువు ఉంటుంది కనుక, ఫిర్యాదు చేసిన మర్నాడే గోడ పడుతుందని ఆశించవద్దు.

అధికారులు కదలకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. నిబంధనలు అమలు చేయమని పురపాలక సంఘాన్ని అడిగే హక్కు పక్కన నివసించేవారికి ఉందని ఉడుపికి చెందిన ఒక సినిమా హాలు కేసులో సుప్రీంకోర్టు 1974లోనే గుర్తించింది. గోడకు నష్టం, వెలుతురు వంటివాటికి సివిల్ కోర్టు మార్గం. వెలుతురును, గాలిని 20 ఏళ్లు నిరాటంకంగా అనుభవించిన ఇంటికి హక్కు ఏర్పడుతుంది, కానీ గణనీయమైన నష్టం నిరూపించాలి; గదిలో కొంత చీకటి పెరిగిందంటే చాలదు. కోర్టుకు వెళ్లకముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్ ద్వారా రాజీకి ప్రయత్నించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఒంటరిగా ఉంటున్న వృద్ధ మహిళలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

పదో మెట్టు: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ)కి ముందు, తర్వాత

తెలంగాణ నిబంధనల ప్రకారం చిన్న ఇళ్లను మినహాయిస్తే బిల్డరు నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేవరకు పురపాలక సంస్థకు తనఖా పెడతారు. ఆ తనఖా విడుదలయ్యే లోపు మీ పెండింగు మరమ్మతుల జాబితాను, కొలతల తేడాలను కమిషనరుకు లిఖితపూర్వకంగా అందజేయండి. బిల్డరు మీ మాట వినే ఆఖరి అవకాశం అదే. డిపాజిట్‌ను మాత్రం రెండు వానాకాలాలు గడిచాకే తిరిగి ఇచ్చేలా ఒప్పందంలో రాసుకోండి, ఎందుకంటే కదిలించిన మట్టి సర్దుకునే క్రమంలో పగుళ్లు ఆలస్యంగా బయటపడతాయి. భవనంలోకి కుటుంబాలు చేరాక వారి అసోసియేషన్ ప్రతినిధిని కాలనీ సంఘంలో సభ్యునిగా చేర్చుకోండి. మురుగు గొట్టం పెంపు వినతిపై అప్పటినుంచి వారి సంతకాలు కూడా ఉంటాయి, ఆ గొట్టం అవసరం మీకంటే వారికే ఎక్కువ.